గజ్జెల సంచి

మంగతాయారమ్మగారిని ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు దొరకదు, పని దొరుకుతుంది. చిన్నతనం నుంచీ హరికథ చెప్పి, గోదావరి జిల్లాల్లో ఆవిడ గజ్జె మోగని ఊరు లేదనిపించుకుని, ఇప్పుడు పాలకొల్లులో కాలవ పక్కనున్న పెంకుటింట్లో శిష్యులకి కథ నేర్పుకుంటూ కూచున్న మనిషి ఆవిడ. ఓసారి ఒక కుర్రదాసు వచ్చి, "కథ మధ్యలో జనం లేచి వెళ్ళిపోతున్నారమ్మా, ఏం చెయ్యను?" అని అడిగాడు. ఆవిడ కారణం చెప్పలేదు. వాణ్ణి సంతకి పంపించి, చేపలమ్మే మనిషి పక్కన పొద్దుగూకేదాకా కూచోమన్నారు. వాడు నీచు వాసనతో తిరిగొచ్చి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. వాడికి ఏం బోధపడిందో నాకు ఇప్పటికీ తెలియదు.

నా పేరు లింగమూర్తి. ఆవిడ కథలకి ముప్ఫై ఏళ్ళు మృదంగం వాయించినవాణ్ణి. ఆ ఇంటి వీధి గదిలోనే ఉంటూ ఊళ్ళో పిల్లలకి నాలుగు దెబ్బలు నేర్పుకుంటున్నాను. ఉన్నమాట చెప్పాలంటే ఆవిడ పద్ధతి నాకు నచ్చదు. అడిగినవాడికి రెండు ముక్కలు చెప్పి పంపిస్తే పోయేదానికి ఇంత తతంగం దేనికని ఆవిడ మొహం మీదే అనేవాణ్ణి. ఆవిడ నా మాట పూర్తిగా విని, తల ఊపి, మళ్ళీ తను చేసేదే చేసేవారు. భీమశంకరం వచ్చినప్పుడూ అంతే చేశారు.

భీమశంకరం ఆవిడ శిష్యులందరిలో పేరు తెచ్చుకున్నవాడు. అతని కంఠం గురించి నేను చెప్పడం కాదు, వినాలి. పై షడ్జమం అందుకుని, అక్కడే నిలబడి పద్యం మొత్తం లాగేవాడు. మైకు చెడిపోయిన ఊళ్ళో కూడా చివరి వరసలో చాప వేసుకున్న ముసలమ్మకి పద్యం వినిపించేది. అలాంటి గొంతులో కాయ పుట్టింది. మొదట బొంగురు, తర్వాత నొప్పి, ఆ తర్వాత కాకినాడలో ఆపరేషను. కాయ చెడ్డది కాదు, ప్రాణానికి భయం లేదన్నారు. పుండు మానేదాకా పెదవి విప్పవద్దన్నారు. పుండు మానింది. "ఇక మెల్లిగా మాట్లాడటం మొదలుపెట్టండి, గొంతు ఎంత మిగిలిందో మాట్లాడితేనే తెలుస్తుంది," అని చెప్పి డాక్టరుగారు ఇంటికి పంపారు. అదిగో, ఆ మాటతో అతను నోరు బిగించేశాడు. మాట్లాడితే తెలిసిపోతుందని భయం. పోయిందని తెలుసుకోవడం కన్నా తెలియకుండా ఉండటమే నయమనుకున్నాడు కాబోలు, భార్యతో కూడా పలక మీద రాసే మాట్లాడుతున్నాడని విన్నాను.

అలాంటివాడు ఒకరోజు పొద్దున్నే గేటు తీసుకుని వచ్చాడు. ఒక చేతిలో పలక, చంకలో గుడ్డ సంచి. ఆ సంచి నాకు తెలుసు. అందులో ఉన్నవేమిటో కూడా తెలుసు. మా కథలవాళ్ళలో ఒక ఆచారం ఉంది. తొలికథ నాడు గురువు తన చేత్తో శిష్యుడికి గజ్జెలిస్తారు. ఇక నావల్ల కాదనుకున్న రోజున శిష్యుడు వాటిని తెచ్చి గురువు చేతుల్లో పెడతాడు. గురువు రెండు చేతులా అందుకుంటే అయిపోయినట్టే. గజ్జెలు దేవుడి గదిలోకి వెళ్ళిపోతాయి, ఆ మనిషి మళ్ళీ కాలికి గజ్జె కట్టడు. తర్వాత మనసు మారినా కట్టడు. అందుకని ఆ సంచి చూడగానే అతను దేనికొచ్చాడో నాకు తెలిసిపోయింది. నలభై అయిదు దాటని మనిషి, కథ తప్ప వేరే పని తెలియనివాడు.

అమ్మగారు వసారాలో పీట మీద కూచుని తోటకూర కడుగుతున్నారు. అతను దణ్ణం పెట్టి పలక చూపించాడు. "గొంతు లేని దాసుకి గజ్జెలెందుకు? తీసుకోండి" అని ఉంది. ఆవిడ చదవగానే మోచేత్తో చెరిపేసి మళ్ళీ రాశాడు. "మనసు ఒక్క క్షణం నిలవటం లేదమ్మా. ఏం చెయ్యమంటారు?"

"గొంతు లేదని ఎవరు చెప్పారు?" అన్నారు ఆవిడ.

అతను పలక కిందికి దించాడు.

"చూసుకున్నావా?"

లేదని తల అడ్డంగా ఊపాడు. సంచి మాత్రం ఆవిడ ముందుకు చాపే ఉంచాడు. లోపల గజ్జెలు సన్నగా మోగుతున్నాయి. ఆవిడ తోటకూర నీళ్ళలోంచి తీసి విదిలించారు.

"నా చేతులు తడిగా ఉన్నాయి. దాన్ని ఆ మేకుకి తగిలించు," అన్నారు.

వసారా దూలానికి ఒక మేకు ఉంది, పాత లాంతరు తగిలించుకునేది. గజ్జెలు తీసుకెళ్ళి దానికి తగిలించడమేమిటి? నేను ఊరుకోలేదు. "అమ్మగారూ, అవి దేవుడి గదిలో ఉండాల్సినవి, మేకుకి వేలాడదీసేవి కావు," అన్నాను. "నేను తీసుకుంటేగా లింగమూర్తీ, దేవుడి గదిలో పెట్టడానికి," అన్నారు ఆవిడ. అలా ఆ సంచి అటు గురువుదీ కాక, ఇటు శిష్యుడిదీ కాక, దూలానికి వేలాడింది.

తర్వాత ఆవిడ అతనికి పని చెప్పారు. కొన్నాళ్ళు ఇక్కడే ఉండమన్నారు. రోజంతా పెరట్లో కూచుని చూసి, దీపం పెట్టే వేళకి తనకొక పిట్టకథ చెప్పమన్నారు. పెద్దకథ సాగుతుంటే జనానికి కునుకు పట్టకుండా దాసు మధ్యలో ఒక చిన్న నవ్వులకథ చెబుతాడే, అదన్నమాట. భీమశంకరానికి చేతకాని విద్య ఏదైనా ఉంటే అది అదే. అతని కథలో పద్యం ఉండేది, రాగం ఉండేది, నవ్వు ఉండేది కాదు. నవ్వించడం తన కంఠానికి తక్కువ పని అనుకునేవాడు.

"నోరు లేకుండా ఎలా చెప్పను?" అని రాశాడు.

"చేతులున్నాయి. కళ్ళున్నాయి, కనుబొమలున్నాయి. ముప్పాతిక కథ మనం వాటితోనే చెబుతాం."

"ఏం చూడను?"

"మనుషుల్ని వద్దు. కాకుల్నీ ఉడతల్నీ చూడు. వాటికి నీ గొంతు సంగతి తెలియదు," అని ఆవిడ తోటకూర పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ రోజుల్లో భీమశంకరాన్ని చూస్తూ ఉండటమే నాకొక శిక్ష అయింది. పెరట్లో బొప్పాయి చెట్టు, మునగ చెట్టు, బట్టలుతికే చప్టా, దాని పక్కన నీళ్ళ తొట్టి ఉన్నాయి. మునగచెట్టు కింద మడతమంచం వేసి ఇచ్చాం. అతను కూచుంటేగా! మంచం మీద కూచుని లేచేవాడు. గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చేవాడు. వసారాలో ఫ్యాను వేసేవాడు, ఆపేవాడు. గొంతు సవరించుకోబోయి, సవరించుకుంటే ఏం వినపడుతుందో అని భయపడి, మింగేసేవాడు. నిమిషానికోసారి చెయ్యి గొంతు మీదికి పోయేది, అక్కడింకా ఏదో వేలాడుతున్నట్టు. మా ఇద్దరి మధ్యా మాట లేదు కనక అతని అలజడంతా నాకు పట్టుకుంది. పిల్లలకి పాఠం చెబుతూ చెబుతూ నేనే తాళం తప్పాను. నా వయసులో అది ఎంత అప్రతిష్టో మృదంగం పట్టినవాళ్ళకి తెలుస్తుంది.

మొదటి సాయంత్రం ఆవిడ ముందు నిలబడి రెండు అరచేతులూ ఖాళీగా చూపించాడు. ఏమీ లేదని. "ఇంత పెరట్లో ఏమీ జరగలేదా? అయితే రేపు సరిగ్గా చూడు," అన్నారు ఆవిడ. రెండో సాయంత్రమూ ఖాళీ చేతులే. ఆవిడ వెళ్ళి అన్నం వడ్డించారు. పోనీ తిట్టనన్నా తిట్టరేమని నాకు ఒళ్ళు మండింది.

తర్వాత ఒకరోజు కాకిని చూపించాడు. ఎవరి ఇంట్లో ఎత్తుకొచ్చిందో, ఒక జంతిక ముక్క తెచ్చుకుని నీళ్ళ తొట్టి అంచు మీద వాలిందట. ముక్కుతో కొరికితే జంతిక విరగలేదు. తీసుకెళ్ళి నీళ్ళలో ముంచింది. రుచి చూసింది. ఇంకా గట్టిగానే ఉంది. మళ్ళీ ముంచి, ఈసారి దాన్ని తొట్టి అంచున పెట్టి, ఏమీ ఎరగనట్టు అటు తిరిగి కూచుంది, నానడానికి టైమిచ్చినట్టు. భీమశంకరం ఇదంతా చేతులతోనూ కళ్ళతోనూ చూపిస్తుంటే, కాకి పోయి పళ్ళూడిన పెద్దాయన ఒకడు కనిపించాడు. అమ్మగారు నవ్వారు. నేనూ నవ్వాను. అతను మాత్రం నవ్వలేదు. అయిపోగానే చెయ్యి మళ్ళీ గొంతు మీదికి వెళ్ళింది.

ఇంకోరోజు తొండ. బొప్పాయి మొదట్లో ఎండకి కూచుని తల ఊపుతుందే, దాన్ని తీసుకెళ్ళి హరికథ ముందు వరసలో కూచోబెట్టాడు. మన సభల్లో అలాంటి పెద్దమనిషి ఒకరు తప్పకుండా ఉంటారు. ప్రతి పద్యానికీ శభాషని తల ఊపుతారు, హారతి పళ్ళెం తన వరసలోకి వచ్చేసరికి ఎటు పోయారో తెలియదు. తొండ మూడుసార్లు తల ఊపి, పళ్ళెం చూసి, బొప్పాయి వెనక్కి జారుకున్నట్టు అతను చేస్తే, అమ్మగారు కళ్ళు తుడుచుకున్నారు. ఆ తర్వాత అడిగారు.

"ఆ తొండని చూస్తున్నంతసేపూ గొంతు గుర్తొచ్చిందా?"

అతను ఆలోచించి, లేదన్నాడు తలతో.

"ఎంతసేపది?"

బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా పెట్టి, ఇంత అని చూపించాడు. ఆవగింజ పట్టేంత సందు. ఆ వెంటనే ఆ రెండు వేళ్ళూ పోయి గొంతు పట్టుకున్నాయి. "సరే," అన్నారు ఆవిడ, దీపంలో నూనె చూసుకుంటూ. సరేనట! ఆవగింజంత సేపు మరిచిపోవడానికి ఈ మనిషిని ఇల్లూ వాకిలీ వదిలి ఇక్కడ కట్టేయాలా అని ఆ రాత్రి మంచం మీద పడుకుని చాలాసేపు గొణుక్కున్నాను.

ఇక ఆ మధ్యాహ్నం సంగతి. అమ్మగారు భోజనం చేసి లోపల నడుం వాల్చారు. నేను గదిలో కూచుని, మృదంగం ఎడమ మూతికి, నాదం నిండుగా రావడానికి, రవ్వముద్ద అద్దుకుంటున్నాను. వసారాలోంచి ఘల్లుమంది. నా చెయ్యి ఆగింది. కాసేపటికి మళ్ళీ ఘల్లు, ఘల్లు. గజ్జెలు. ముప్ఫై ఏళ్ళు ఆ చప్పుడు వెంట నడిచిన చేతులండీ ఇవి. గజ్జె మోగిందంటే దాసు లేచి నిలబడ్డాడని, మొదటి అడుగు పడబోతోందని అర్థం. ఆ అడుగు కింద మృదంగం పడకపోతే నా బతుక్కి అర్థం లేదు. శంకరం గజ్జె కట్టాడు! నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మృదంగం తాడు మెడలో వేసుకుని, రవ్వ చేతులతోనే, పంచె కుచ్చిళ్ళు ఊడిపోతున్నా చూసుకోకుండా పరిగెత్తుకుంటూ వసారాలోకి వెళ్ళి, గుమ్మంలోనే కథారంభంలో వాయించే దరువు మొదలుపెట్టేశాను.

భీమశంకరం కాళ్ళకి గజ్జెల్లేవు. స్తంభం వెనక గొంతుక్కూచుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దూలం వైపు చూస్తున్నాడు. మేకుకి సంచి ఊగుతోంది. సంచి మూతిలోంచి ఒక ఉడత తల బయటికి పెట్టింది. నోట్లో కొబ్బరిపీచు. అది ఎన్నాళ్ళుగా అందులో కాపురం పెడుతోందో, పీచు మోసుకొచ్చి లోపల తోస్తున్నప్పుడల్లా గజ్జెలు మోగుతున్నాయి, మోగినప్పుడల్లా ఎవరో వస్తున్నారని తనే బెదిరిపోయి బయటికి చూస్తోంది. ఈసారి నిజంగానే ఎవరో వచ్చారు. మెడలో మృదంగం, కుచ్చిళ్ళూడిన పంచె. అదీ నేనూ ఒకరినొకరం చూసుకున్నాం. నన్ను ఆగమన్నవాళ్ళు లేరు కదా, నా చెయ్యి వాయిస్తూనే ఉంది.

ఉడత ఒక్క దూకున దూలం మీదికెక్కింది. ఆ ఊపుకి సంచి ఘల్లుమంది. ఆ ఘల్లుకి మళ్ళీ బెదిరి, దూలం చివరిదాకా పోయి, అక్కడినుంచి తోక ఎగరేస్తూ నన్ను తిట్టడం మొదలుపెట్టింది. చిక్, చిక్, చిక్, చిక్. ఒక్కో తిట్టుకీ ఒక్కో తోక ఎగరేత. సరిగ్గా తాళంలో తిడుతోంది. పాపిష్టి అలవాటు, నా చేతులు దాని వెంట పడ్డాయి. అది చిక్ అంటే నేను తకిట అన్నాను. అది ఇంకా కోపంగా తిట్టింది, నేను ఇంకా జోరుగా వాయించాను. వెనక నుంచి ఏదో చప్పుడైంది.

తుప్పుపట్టిన గేటు తీసినట్టు కిర్రుమంది మొదట. తర్వాత తెగి, మళ్ళీ మొదలై, ఆగకుండా వచ్చింది. భీమశంకరం నవ్వుతున్నాడు. స్తంభాన్ని కావలించుకుని, కింద కూలబడి, పైకి వినపడేలా నవ్వుతున్నాడు. నా వైపూ ఉడత వైపూ వేలు చూపిస్తూ నవ్వుతున్నాడు. నేను వాయించడం ఆపాను. అప్పుడు తన నవ్వు తన చెవినపడింది. టక్కున ఆగి, రెండు చేతులతోనూ గొంతు పట్టుకున్నాడు. నవ్విన మనిషి మొహం అంతలో అంతగా పాలిపోవడం నేనెక్కడా చూడలేదు.

"ఎవరు నవ్వింది?" అంటూ అమ్మగారు లోపల్నుంచి వచ్చారు. నేను వేలు చూపించాను. ఆవిడ గొంతు వచ్చిందనలేదు, దేవుడికి దణ్ణం పెట్టలేదు. గుమ్మానికి ఆనుకుని కూచున్నారు. "ఏం జరిగింది?" అన్నారు. అతను పలక కోసం వెతుక్కున్నాడు. "పలకెందుకు? రోజూలాగే చూపించు."

చూపించడం మొదలుపెట్టాడు. పీచు మోసుకురావడం, సంచిలో దూరడం, ఘల్లుమనగానే బెదిరి తల బయటపెట్టడం, అన్నీ బాగానే వచ్చాయి. నేను పరిగెత్తుకు రావడం మరీ బాగా వచ్చింది, నా పంచెతో సహా. కానీ ఉడత తిట్టడం దగ్గర చిక్కుపడ్డాడు. అసలు నవ్వు ఆ చప్పుడులో ఉంది. చెయ్యి ఎగరేసి చూశాడు. కనుబొమలు ఎగరేసి చూశాడు. ఉహూ, అందులో కథ లేదు. ఆవిడ ఏమీ అర్థం కానట్టు చూస్తున్నారు. అతను అవస్థపడి, చెయ్యి విసుగ్గా కిందికి కొట్టి, "చిక్," అన్నాడు. తర్వాత "చిక్, చిక్. లింగమూర్తిగారేమో తకిట. అది మళ్ళీ చిక్..." అని, ఆగిపోయాడు.

నేను బాధ దాచుకోను. ఆ గొంతు వినలేకపోయాను. కిందిస్థాయిలో ఎక్కడో రెండు మూడు స్వరాల మధ్య ఇరుక్కుపోయి, అంచులు గరుకుగా, మధ్యలో గాలి పోతూ ఉంది. ఆ గొంతుకీ పాత గొంతుకీ చుట్టరికం కూడా లేదు. నాకు వినపడింది అతనికీ వినపడింది.

"అమ్మా, ఇంతేనా?" అన్నాడు.

ఆవిడ కళ్ళు అతని మీదే ఉన్నాయి. అవి తడిగా ఉన్నాయని నేను చూశాను. మాట మాత్రం మామూలుగానే వచ్చింది.

"తర్వాత ఉడత ఏం చేసింది?"

 అతను ఏడుస్తూనే, ఉడత ఏం చేసిందో చెప్పాడు.

ఆ రోజునుంచి సాయంత్రం పిట్టకథ నోటితోనే చెప్పేవాడు. ఉడత భయపడుతుందని నన్ను వసారాలో మృదంగం ముట్టుకోనిచ్చేవాడు కాదు. అది మళ్ళీ వచ్చింది, మళ్ళీ పీచు మోసింది, గజ్జె చప్పుడుకి బెదరడం కూడా మానేసింది. పక్కింటివాళ్ళు గోడ దగ్గరికి వచ్చి నిలబడి వినేవాళ్ళు. కాకి కథ మళ్ళీ చెప్పమని అడిగేవాళ్ళు. ఆ గరుకు గొంతులో కాకి మరీ ముసలిదైపోయి, ఇంకా నవ్వు పుట్టించేది. కానీ అతను దాన్ని కథ కింద జమ కట్టుకోలేదు. ఆ కాసేపు నవ్వించి, అయిపోగానే మళ్ళీ లేచి పచార్లు. తెల్లవారుజామున కాలవ గట్టుకి పోతున్నాడని నాకు తెలుసు. దేనికి పోతున్నాడో కూడా తెలుసు. ఆ పై షడ్జమం కోసం.

కొన్నాళ్ళకి ఒక పొద్దున్న గట్టు మీంచి వచ్చినవాడు వచ్చినట్టే వసారా ఎక్కాడు. మొహం చూస్తే తెలిసిపోతోంది. అమ్మగారు పీట మీద కూచుని కాఫీ గ్లాసు కడుక్కుంటున్నారు. నేను స్తంభం దగ్గర పేపరు చూస్తున్నాను.

"లేదమ్మా," అన్నాడు. "పైన ఏమీ లేదు. గాలి తప్ప లేదు. చూసుకున్నావా అని అడిగారు, చూసుకున్నాను. ఇవాళ తీసుకోండి. చేతులు తుడుచుకోండి."

ఆవిడ ఏదో ఒక పని చెప్పి దాటేస్తారనుకున్నాను. ఎప్పుడూ అంతే కదా. ఆవిడ గ్లాసు పక్కన పెట్టారు. కొంగుతో చేతులు తుడుచుకున్నారు, వేళ్ళ సందుల్లో కూడా. లేచి నిలబడి, రెండు చేతులూ చాపారు. నా చేతిలో పేపరు జారిపోయింది. అమ్మగారూ వద్దు అనబోయి ఆగాను. ఇస్తానన్నవాడి దగ్గర తీసుకోవడం గురువు ధర్మం. అందులో వేలుపెట్టడానికి నేనెవర్ని?

భీమశంకరం మేకు దగ్గరికి వెళ్ళి సంచి పట్టుకున్నాడు. తాడు మేకు మీంచి తప్పించబోయాడు. ఉడత ఒక్కసారి బయటికి దూకి, అతని చెయ్యి మీంచే దూలం మీదికి పరిగెత్తి, తిట్టడం మొదలుపెట్టింది. చిక్, చిక్, చిక్. అదెప్పుడూ చేసేదే. కానీ అది బయటికి వచ్చేశాక కూడా సంచిలోంచి ఇంకో చప్పుడు వస్తోంది. సన్నగా, నీళ్ళు మరిగే ముందు గిన్నె పాడినట్టు. అతను తాడు వదిలేశాడు. మునివేళ్ళ మీద లేచి, సంచి మూతి వేలితో పక్కకి తీసి, లోపలికి చూశాడు.

చూస్తూ ఉండిపోయాడు. ఆవిడ చాపిన చేతులు చాపినట్టే ఉన్నాయి. పై నుంచి ఉడత అతన్ని తిడుతూనే ఉంది. అతని కాలిమడమ నేల మీద ఆ తిట్లకి తాళం వేస్తోంది, తనకి తెలియకుండానే. పొద్దున్నంతా బిగిసి ఉన్న దవడ ఎప్పుడు వదులైందో నేను గమనించలేదు. గొంతు మీద చెయ్యి లేదు. రెండు చేతులూ సంచి అడుగున పట్టి ఉన్నాయి, అది ఊగకుండా.

చివరికి మాట్లాడాడు. లోపలున్నవి బెదురుతాయని గొంతు ఇంకా కిందికి దించి మాట్లాడాడు. ఆ దించడానికి ఆ గొంతులో బోలెడంత చోటు ఉందని నాకు అప్పుడే తెలిసింది.

"అమ్మా, పిల్లలు. కళ్ళింకా తెరవలేదు. గజ్జెల మీద పడుకున్నాయి. ఒకటి కదిలితే అన్నీ కదులుతున్నాయి." పెదవి చివర నవ్వు వచ్చింది. ఆ నవ్వుతోనే ఆవిడ వైపు తిరిగి, చాపిన చేతులు చూసి, నవ్వు ఆపుకుని, ఎటూ పాలుపోక నిలబడ్డాడు. "ఇప్పుడెలా?" అన్నాడు.

మంగతాయారమ్మగారు చేతులు వెనక్కి తీసుకున్నారు. పీట మీద కూచుని, కాఫీ గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు.

"అవి దిగేదాకా ఆగుదాం," అన్నారు. "ఈలోగా వట్టికాళ్ళతో కథ చెప్పు."